ఆంగ్ల జాతీయాలు – అపప్రయోగాలు

‘అడిగిన ప్రశ్నకు నీళ్ళు నమిలాడు’ అనే వాక్యంలో నీళ్ళూ లేవు, నమలడమూ లేదు. సమాధానం చెప్పలేక తడబడడం మాత్రమే ఉంది. ఇట్లా విడివిడి పదాల అర్థాలను కూడినా తేలని విశేషార్థాన్ని ఇచ్చే పదబంధాన్ని జాతీయం అంటారు. నుడికారం, పలుకుబడి అనే మాటలు కూడా దీనికి దగ్గరివే. ఒక జాతి తరతరాలుగా గడిపిన బ్రతుకులోంచి, చేసిన పనుల్లోంచి, విన్న కథల్లోంచి పుట్టిన మాటల కూర్పు కనుక దీనికి ఆ పేరు తగినదే.

తెలుగు జాతీయాలను మనకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. అమ్మ విసుక్కున్నప్పుడు ‘నా తల ప్రాణం తోకకు వచ్చింది’ అంటే విన్నాం. అరుగుమీద పెద్దలు మాట్లాడుకొంటూ ‘వాడు చేతులెత్తేశాడు’ అంటే విన్నాం. మాటతోబాటు ఆ మాట అన్నవారి ముఖం, విన్నవారి వయస్సు, అక్కడి సందర్భం అన్నీ మనసులో నిలిచాయి. ఇంగ్లీషు జాతీయాలు మనకు ఆ దారిన రావు. ఒక పక్క జాతీయం, మరొక పక్క అర్థం ఉన్న పట్టికల రూపంలో వస్తాయి. పట్టికలో అర్థం దొరుకుతుంది గాని, ఆ మాటను ఎవరు, ఎవరితో, ఎప్పుడు అంటారో దొరకదు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఈ సంగతి నాకు పుస్తకం చదివి తెలిసింది కాదు. నేను ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతుండగా మా తాతగారు కాలధర్మం చెందారు. ఊరికి వెళ్ళడానికి పన్నెండు రోజుల సెలవు కావాలి. సెలవు చీటీ ఇంగ్లీషులో రాయాలన్నది మా కళాశాల నియమం. ఆ వారమే నేను ఒక జాతీయాల పట్టికను కంఠస్థం చేశాను. అందులో ‘కిక్ ది బకెట్’ అన్నదానికి ఎదురుగా ‘మరణించు’ అని ఒకే ఒక్క మాట ఉంది. దుఃఖంలో ఉన్నా, నేర్చిన మాటను వాడాలనే ఉబలాటం ఆ వయస్సుకు సహజం. ‘మై గ్రాండ్‌ఫాదర్ కిక్డ్ ది బకెట్’ అని పొందికగా రాసి ఇంగ్లీషు మాస్టారికి ఇచ్చాను. ఆయన చదివారు, నవ్వలేదు. సెలవు మంజూరు చేసి చీటీని మడిచి దగ్గర పెట్టుకొన్నారు.

కర్మకాండ ముగిసి నేను తిరిగి వచ్చాక గదికి పిలిచి, ఆ చీటీని బల్లమీద పరిచారు. ‘నువ్వు రాసిన ఈ వాక్యానికి సరియైన తెలుగు ఏమిటో తెలుసునా బాబూ? మా తాత బాల్చీ తన్నేశాడు అని. ఈ మాట మీ నాయనమ్మగారి ఎదుట అనగలవా?’ అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. ఆయన ఎర్రసిరాతో నా మాటలు కొట్టివేసి, పైన ‘పాస్‌డ్ అవే’ అని రాసి, కాగితం నా చేతికిచ్చి పంపించారు.

పట్టికలో ఉన్న అర్థం తప్పు కాదు. ‘కిక్ ది బకెట్’ అంటే చనిపోవడమే. అయితే ఆ మాట ఏ వీధికి చెందినదో పట్టిక చెప్పలేదు. ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆంగ్లేయుడు 1785లో లండనులో ఒక నిఘంటువు ప్రచురించాడు. దాని పేరు ‘ఎ క్లాసికల్ డిక్షనరీ ఆఫ్ ది వల్గర్ టంగ్’. సభ్యసమాజపు నిఘంటువులు చేర్చుకోని బజారు మాటలను ఆయన అందులో పోగుచేశాడు. ‘కిక్ ది బకెట్’ ఆ పుస్తకంలో కనిపిస్తుంది. పుట్టుక ఏదైనా, అది గోష్ఠిలో పరిహాసానికి పనికివచ్చే మాటే గాని సంతాపానికి పనికివచ్చే మాట కాదు.

ఈ తారతమ్యం తెలుగువారికి కొత్త కాదు. మరణం అనే ఒక్క విషయానికి మనకెన్ని పలుకుబడులున్నాయో చూడండి. వైష్ణవులైతే పరమపదించారంటాం, వీరశైవులైతే లింగైక్యం చెందారంటాం. పెద్దలు స్వర్గస్థులవుతారు, ప్రముఖులు కన్నుమూస్తారు, యుద్ధంలో సైనికుడు అమరుడవుతాడు. అదే మరణాన్ని ‘హరీమన్నాడు’, ‘గుటుక్కుమన్నాడు’, ‘టపా కట్టేశాడు’ అని అనేవారూ ఉన్నారు. వీటిలో ఏది ఏ సందర్భంలో ఒప్పుతుందో పదేళ్ళ పిల్లవాడికి కూడా తెలుసు. ఇక ‘బాల్చీ తన్నడం’ ఇంగ్లీషు మాటకు అచ్చంగా అనువాదమే. తెలుగులోకి వస్తూ తన వెటకారాన్ని కూడా వెంట తెచ్చుకొంది. తెలుగులో ఇంత జాగ్రత్తగా ఉండే మనం ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆ జాగ్రత్తను గుమ్మం బయట వదిలివేస్తున్నాం.

సందర్భం తెలియకపోవడం ఒక కారణమైతే, మాటల్లోని బొమ్మ మోసగించడం మరొక కారణం. ‘పుల్లింగ్ సమ్‌వన్స్ లెగ్’ అనే జాతీయాన్ని తీసుకొందాం. మాటకు మాట తెలుగు చేస్తే ‘ఒకరి కాలు లాగడం’. ఎదుగుతున్నవాణ్ణి కాళ్ళు పట్టి కిందికి లాగేవారి కథ మనకు తెలిసిందే. బుట్టలోని పీత పైకి పాకుతుంటే తక్కిన పీతలు లాగివేసే కథను ఉపన్యాసకులు తరచు చెబుతూనే ఉంటారు. అందువల్ల ఈ ఇంగ్లీషు మాటకు కూడా మనవారు ‘అభివృద్ధికి అడ్డుపడడం’ అనే అర్థం కట్టబెడతారు. నిజానికి ఇంగ్లీషులో దీని అర్థం హాస్యానికి ఏదో ఒక అబద్ధం చెప్పి నమ్మించడం, ఆటపట్టించడం. ఒక ఉద్యోగి తనపై కుట్ర జరుగుతున్నదని చెప్పదలచి, ‘నా సహోద్యోగులు నా లెగ్ పుల్ చేస్తున్నారు’ అని లండనులోని పై అధికారికి లేఖ రాశాడనుకొందాం. ఆ అధికారి దాన్ని చదివి, కార్యాలయంలో అందరూ చనువుగా, సరదాగా ఉన్నారని సంతోషిస్తాడు. ఫిర్యాదు అక్కడితో ఆగిపోతుంది. వ్యాకరణదోషం ఒక్కటీ లేని వాక్యం ఒకరి కష్టాన్ని వినపడకుండా చేసింది.

‘వైట్ ఎలిఫెంట్’ కూడా ఇటువంటిదే. మనకు తెల్ల ఏనుగు అనగానే పాలసముద్రంలో పుట్టిన ఐరావతం, దానిపైన దేవేంద్రుడు గుర్తుకు వస్తారు. ఇంగ్లీషువారికి గుర్తుకు వచ్చేది ఖర్చు. సయాం రాజులు తమకు గిట్టని కొలువుకాండ్రకు తెల్ల ఏనుగును బహూకరించేవారని ఒక కథ ప్రచారంలో ఉంది. పవిత్రమైనది కనుక దానితో పని చేయించుకోరాదు. రాజు ఇచ్చినది కనుక వదిలించుకోరాదు. మేపి మేపి ఆ కొలువుకాడు దివాలా తీయాలి. అందువల్ల నిర్వహణకు కోట్లు మింగుతూ ఫలితమివ్వని కట్టడాన్ని, సంస్థను ఆ పేరుతో పిలుస్తారు. ఈ కథ తెలియనివాడు ‘మా ఊరి గ్రంథాలయం వైట్ ఎలిఫెంట్ వంటిది’ అని పొగడ్తగా రాసే ప్రమాదముంది. గుడ్లగూబ సంగతి దీనికి తలక్రిందులు. మనకది అపశకునం, గ్రీకుల ఎథీనా దేవతకు పక్కనుండే పక్షి కావడంవల్ల పడమటివారికి జ్ఞానచిహ్నం.

పోలికలున్న జాతీయాలు ఒకదానితో ఒకటి కలిసిపోవడం విద్యార్థుల జవాబు పత్రాలలో తరచు కనిపించే దోషం. రాత్రి దీపం పెట్టుకొని చదవడం ‘బర్నింగ్ ది మిడ్‌నైట్ ఆయిల్’. ఇది శ్రమను మెచ్చుకొనే మాట. ‘బర్నింగ్ ది క్యాండిల్ ఎట్ బోత్ ఎండ్స్’ అంటే కొవ్వొత్తిని రెండు కొసలా వెలిగించడం. మొదట దుబారా చేయడమనే అర్థంలో ఉన్న ఈ మాట, తరువాత విశ్రాంతి లేకుండా శరీరాన్ని అరగదీసుకోవడమనే అర్థంలో స్థిరపడింది. రెండింటిలోనూ మంట ఉంది, వెలుగు ఉంది, రాత్రి ఉంది. కాని మొదటిది ప్రశంస, రెండవది హెచ్చరిక. పరీక్షలు దగ్గరపడిన రోజుల్లో మొదటిదాన్ని చేస్తున్నామనుకొంటూ రెండవదాన్ని చేసే విద్యార్థులు కూడా ఉన్నారనుకోండి. అది వేరే పాఠం.

నీలిరంగు మాటలు రెండింటిని చూడండి. ‘ఔట్ ఆఫ్ ది బ్లూ’ అంటే హఠాత్తుగా, మబ్బులేని నీలాకాశంలోంచి పిడుగు పడినట్లు. ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అంటే ఏ నాటికో ఒకనాడు, చాలా అరుదుగా. ఒక ఇంగ్లీషు నెలలో రెండు పున్నములు వస్తే రెండవదాన్ని ‘బ్లూ మూన్’ అంటున్నారు. ఈ నిర్వచనం కూడా ఒక పొరపాటువల్లనే వ్యాప్తిలోకి వచ్చింది. పాత పంచాంగాల లెక్క ప్రకారం నాలుగు పున్నములు వచ్చిన ఋతువులో మూడవది ఆ పేరుకు తగినది. 1946లో ఒక అమెరికన్ ఖగోళ పత్రికలో వచ్చిన వ్యాసం దాన్ని తప్పుగా గ్రహించింది, లోకం ఆ తప్పునే అనుసరించింది. ఏ లెక్కను పాటించినా అది సుమారు రెండున్నర, మూడేళ్ళకొకసారి వస్తుంది. మన అధికమాసం రాకడ కూడా ఇంచుమించు అంతే. దీనికి మనం సాధారణంగా చెప్పే తెలుగు ‘అమావాస్యకో పున్నానికో’. లెక్కకు చూస్తే తెలుగువాడి అరుదు ఇంగ్లీషువాడి అరుదుకంటే చాలా దగ్గరిది. అయినా భావం ఒకటే కనుక అనువాదానికి ఇబ్బంది లేదు.

చెవి చేసే పొరపాట్లు మరికొన్ని. ఇవి మన విద్యార్థులకే పరిమితం కావు. ఇంగ్లీషు మాతృభాషగా గలవారు కూడా వీటిని విరివిగా చేస్తారు. ఊపిరి బిగబట్టి ఎదురుచూడడాన్ని ‘విత్ బేటెడ్ బ్రెత్’ అంటారు. ఇక్కడి ‘బేటెడ్’ తగ్గించడం అనే అర్థమున్న ‘అబేట్’ నుంచి వచ్చింది. షేక్స్పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ నాటకంలో షైలాకు నోట ఈ పదబంధం వినిపిస్తుంది. అక్కడ అణకువతో గొంతు తగ్గించి మాట్లాడడమని భావం. విడిగా ఆ మాట నేడు వాడుకలో లేదు గనుక, చాలామంది నడుమ ‘ఐ’ అక్షరం చేర్చి, గాలానికి గుచ్చే ఎరను సూచించే మాటగా మార్చి రాస్తారు. అప్పుడది ‘ఎర పెట్టిన ఊపిరి’ అవుతుంది. అట్లాగే నియమానికి కట్టుబడడం ‘టో ది లైన్’. కాలివేళ్ళను గీతమీద ఆనించి నిలబడడం ఇందులోని బొమ్మ. కనుక దీన్ని టి-ఓ-ఇ అని రాయాలి. టి-ఓ-డబ్ల్యూ అని రాస్తే తాడు కట్టి లాగడమవుతుంది. మనం ‘గీసిన గీత దాటడు’ అంటాం కదా, ఆ గీతను తలచుకొంటే ఈ తప్పు జరగదు. ‘ఫర్ ఆల్ ఇంటెంట్స్ అండ్ పర్పసెస్’ అనేది పదహారవ శతాబ్దపు ఇంగ్లీషు శాసనభాషనుంచి వచ్చిన మాట. ఏ విధంగా చూసినా, వాస్తవానికి అని అర్థం. దాన్ని ‘ఇంటెన్సివ్ పర్పసెస్’ అని విని, అట్లాగే రాసేవారు కొల్లలు.

ఈ విషయంలో మనం ఇతరులను చూసి నవ్వనక్కరలేదు. ‘నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా’ అన్నది మన మాట. నాకం అంటే స్వర్గం. ఆ పదం వాడుకలోంచి జారిపోయేసరికి తెలిసిన ‘నాగలోకం’ వచ్చి ఆ చోటు ఆక్రమించింది. భూమిమీది నక్కకూ పైనున్న స్వర్గానికీ గల దూరాన్ని చెప్పదలచిన మాట, నేడు పలువురి నోట పాతాళానికి దిగిపోయింది. తెలియని మాట ఉన్నచోట తెలిసిన మాటను పెట్టుకోవడం మనిషి స్వభావం. ఏ భాషకైనా అంతే.

మాట మిగిలి, దాని పాత అర్థం మాసిపోయినప్పుడు పుట్టే పొరపాట్లు ఇంకా సూక్ష్మమైనవి. ‘ద ప్రూఫ్ ఆఫ్ ద పుడింగ్ ఈజ్ ఇన్ ద ఈటింగ్’ అనే సామెతలో ‘ప్రూఫ్’ అంటే రుజువు కాదు, పరీక్ష. అచ్చుయంత్రం దగ్గర ‘ప్రూఫులు దిద్దడం’ అంటున్నామే, ఆ ప్రూఫు ఇదే. వంటకం ఎట్లా ఉందో తిని చూస్తేనే తెలుస్తుందని సామెత భావం. నేడు దీన్ని కుదించి ‘ప్రూఫ్ ఈజ్ ఇన్ ద పుడింగ్’ అంటున్నారు. అట్లా అంటే రుజువు పాయసంలో దాగి ఉన్నదన్నట్లు ధ్వనిస్తుంది.

‘ది ఎక్సెప్షన్ ప్రూవ్స్ ద రూల్’ అనే మాటను వాదనలో ఓడిపోతున్నవారు ఆయుధంగా వాడుకోవడం మనం చూస్తుంటాం. తమ సూత్రానికి విరుద్ధమైన ఉదాహరణ ఎవరైనా చూపగానే, అపవాదమే సూత్రాన్ని రుజువు చేస్తుందని తప్పించుకొంటారు. విరుద్ధమైన ఉదాహరణ సూత్రాన్ని ఎట్లా రుజువు చేస్తుంది? ఇది లాటిన్ న్యాయసూత్రంనుంచి వచ్చింది. ఒక ప్రదర్శనశాల ద్వారం దగ్గర ‘శుక్రవారం ప్రవేశం ఉచితం’ అని పలక ఉన్నదనుకొందాం. తక్కిన రోజుల్లో రుసుము ఉన్నదని ఎక్కడా రాయలేదు. అయినా శుక్రవారానికి ఇచ్చిన ఆ మినహాయింపే తక్కిన రోజుల నియమాన్ని తెలుపుతున్నది. ఆ మాట చెప్పేది ఇంతే.

అన్నింటికంటె ఎక్కువ వివాదం గల జాతీయం ‘బెగ్ ద క్వెశ్చన్’. నేటి పత్రికల్లో దీన్ని ‘ఇది ఒక ప్రశ్నకు తావిస్తున్నది’ అనే అర్థంలో వాడుతున్నారు. దీని మూలం అరిస్టాటిల్ తర్కశాస్త్రంలో ఉంది. నిరూపించవలసిన విషయాన్నే హేతువుగా ముందే అంగీకరించి వాదించడం దీని అసలు అర్థం. ‘ఈ పత్రికలో వచ్చిన వార్త నిజం.’ ఎందుకు? ‘ఈ పత్రిక అబద్ధాలు రాయదు.’ ఎట్లా తెలుసు? ‘ఇందులో వచ్చేవన్నీ నిజాలే కనుక.’ ఈ వాదం గానుగెద్దులాగా తిరిగి తిరిగి ఉన్నచోటికే వస్తుంది. మన న్యాయదర్శనంలో గౌతముడు చెప్పిన అయిదు హేత్వాభాసల్లో ‘సాధ్యసమం’ దీనికి దగ్గరి చుట్టం. ‘నీడ ఒక ద్రవ్యం, కదులుతుంది కనుక’ అన్నది దానికి సంప్రదాయంగా చెప్పే ఉదాహరణ. నీడ నిజంగా కదులుతున్నదా, వెలుగుకు అడ్డుపడిన వస్తువు కదులుతున్నదా అన్నదే ఇంకా తేలవలసి ఉంది. తేలని విషయాన్ని తేల్చడానికి మరొక తేలని విషయాన్ని సాక్ష్యం తెచ్చారన్నమాట. కొత్త అర్థాన్ని నేటి నిఘంటువులు కూడా నమోదు చేశాయి. అయినా పరీక్షలోనో, ఉద్యోగ దరఖాస్తులోనో ప్రశ్న తలెత్తుతున్నదని చెప్పదలచినప్పుడు ‘రెయిజెస్ ద క్వెశ్చన్’ అని రాయడం క్షేమం. ఎవరికీ అభ్యంతరం ఉండదు.

మాట ఒకటే అయినా దేశాన్నిబట్టి అర్థం ఎదురుతిరగడం కూడా కద్దు. బ్రిటన్‌లో, మన దేశంలో ఒక తీర్మానాన్ని ‘టేబుల్’ చేయడమంటే చర్చకోసం సభ ముందుంచడం. కాగ్ నివేదికను శాసనసభలో టేబుల్ చేశారని మన పత్రికలు రాసేది ఈ అర్థంలోనే. అమెరికాలో అదే మాటకు చర్చను వాయిదా వేసి పక్కన పెట్టడమని అర్థం. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ సైనికాధికారులు ఒక పత్రాన్ని వెంటనే టేబుల్ చేయాలని పట్టుబట్టారట. అమెరికన్ అధికారులు కూడదన్నారట. రెండు పక్షాలకూ కావలసింది తక్షణ చర్చే! చాలాసేపు ఘర్షణపడిన తరువాతగాని ఆ సంగతి బోధపడలేదని చర్చిల్ తన యుద్ధచరిత్రలో చెప్పాడు. నేడు వేలాది తెలుగు యువతీయువకులు అమెరికన్ సంస్థలతో కలిసి పనిచేస్తున్నారు. ‘మీ ప్రతిపాదనను టేబుల్ చేద్దాం’ అని అక్కడినుంచి మాట వచ్చినప్పుడు సంతోషించాలో విచారించాలో తెలిసి ఉండడం అవసరం. అమెరికన్ల మరొక వాడుక ‘ఐ కుడ్ కేర్ లెస్’. నాకేమాత్రం పట్టదని చెప్పడానికి ‘కుడ్‌న్ట్’ అనే వ్యతిరేకార్థకం ఉండాలి; అది లేకపోతే కొంత పట్టించుకొంటున్నానని అర్థం వస్తుంది. వాళ్ళు మాటల్లో దాన్ని మింగివేస్తారు. మనం రాతలో మింగనక్కరలేదు.

జాతీయంలోని మాటలను మన ఇష్టం వచ్చినట్లు మార్చరాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ‘చేతులెత్తేశాడు’ అనడానికి బదులు ‘కరములెత్తేశాడు’ అంటే పర్యాయపదం సరిపోయింది గాని, జాతీయం చచ్చిపోయింది. అట్లాగే ఇంగ్లీషువారి వానలో ‘క్యాట్స్ అండ్ డాగ్స్’ ఆ వరుసలోనే కురవాలి. అనువదించేటప్పుడు ఆ పిల్లులను, కుక్కలను తెలుగులోకి తేనక్కరలేదు. మనకు కుంభవృష్టి ఉంది. ‘బిట్వీన్ ది డెవిల్ అండ్ ది డీప్ సీ’ అన్నచోట ‘ముందు నుయ్యి వెనుక గొయ్యి’ చక్కగా అమరుతుంది. అయితే సమానార్థకాలుగా కనిపించేవన్నీ సమానం కావు. ‘హెర్క్యులియన్ టాస్క్’ను భగీరథ ప్రయత్నమని అనువదించడం పరిపాటి. హెర్క్యులిస్‌ది భుజబలం, భగీరథునిది తపస్సు, ఎదురుదెబ్బలు తిన్నా విడవని ఓర్పు. వరద నీటిలో ఒక్క రాత్రిలో గండి పూడ్చినవారికి మొదటిది తగును. ఒక ఊరికి మంచినీళ్ళు తెప్పించడానికి ఇరవై ఏళ్ళు కార్యాలయాల చుట్టూ తిరిగినవారికి రెండవది తగును.

మంచి నిఘంటువుల్లో జాతీయం పక్కన వాలుటక్షరాల్లో ఒక చిన్న మాట అచ్చువేసి ఉంటుంది. ‘ఇన్ఫార్మల్’ అని ఉంటే స్నేహితులతో చనువుగా మాట్లాడేటప్పటి మాట అని, ‘హ్యూమరస్’ అని ఉంటే పరిహాసానికని, ‘ఓల్డ్ ఫ్యాషన్డ్’ అని ఉంటే నేడు చెల్లదని, ‘అమెరికన్’ అని ఉంటే ఆ దేశానికి చెందినదని అర్థం. విద్యార్థులు సాధారణంగా ఈ మాటను దాటవేసి నేరుగా అర్థం దగ్గరికి పోతారు. నేను చదివిన పట్టికలో ఆ చిన్న మాట లేదు. ఉండి ఉంటే, ఆ పన్నెండు రోజుల సెలవు చీటీలో మా తాతగారి గురించి వేరొక వాక్యం ఉండేది.